తెల్లాపూర్ వైపు గేటెడ్ విల్లా 6.5 కోట్లు అడుగుతున్నారు. కొనచ్చా, రేపు అమ్మితే అంత వస్తుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు డాలస్‌లో ఉంటున్నారు. తెల్లాపూర్ దగ్గర పేరున్న గేటెడ్ కమ్యూనిటీలో ఏడేళ్ల కిందట కట్టిన ట్రిప్లెక్స్ విల్లా చూశారు. 300 గజాలు, 4,200 ఎస్ఎఫ్‌టీ, వెస్ట్ ఫేసింగ్. 6.5 కోట్లు చెప్తున్నారు, అందులో ఇంటీరియర్స్‌కే 80 లక్షలు అయ్యాయంటున్నారు. అదే రోడ్డులో గేటు బయట ఓపెన్ ప్లాట్లు గజం 1.1 లక్షలు పలుకుతున్నాయని మీరే రాశారు. ఏడేళ్లలో ఇండియా వచ్చేస్తే అందులో ఉంటారు, రాకపోతే అమ్మేస్తారు. ఇది కొనాలా, లేక కోకాపేట టవర్లో పెద్ద ఫ్లాట్ కొనాలా అన్నది అసలు సందేహం. నాన్నగారి పేరు మీద కొనచ్చా అన్నది కొసరు.

సూటిగా చెప్పాలంటే: 6.5కి వద్దు. ఇంటి కాగితాలు బాగుంటే 5.75 కోట్ల దాకా వెళ్లండి, ఆ పైన ఒక్క లక్ష కూడా పెంచకండి. నాలుగైదేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే మాత్రం విల్లా వద్దు, ఫ్లాటూ వద్దు.

నేను సివిల్ ఇంజనీర్ని. బ్యాంకుల ప్యానెల్లో వాల్యుయేషన్ రిపోర్టులు రాయడం నా పని. గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్, కొల్లూరు బెల్టులో విల్లాల ఫైళ్లు చాలానే చూశాను. కాబట్టి ఆ 5.75 ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కేసి చూపిస్తాను.

భూమి: 300 గజాలు, గజం 1.1 లక్షలు చొప్పున 3.3 కోట్లు. కట్టడం: ఇవాళ ఇలాంటి ఇల్లు మళ్లీ కట్టాలంటే ఎస్ఎఫ్‌టీకి 3,000 అనుకుందాం, 1.26 కోట్లు. ఏడేళ్ల పాతది కదా, తరుగు తియ్యాలి. ఆర్‌సీసీ బిల్డింగుకి 60 ఏళ్ల ఆయుష్షు, చివర్లో 10 శాతం స్క్రాప్ విలువ అని మేం లెక్క వేస్తాం. ఆ ప్రకారం ఏడేళ్లకి పదిన్నర శాతం పోతుంది, మిగిలేది సుమారు 1.13 కోట్లు. రెండూ కలిపితే 4.43 కోట్లు. అంటే మీకు చెప్పిన ధరలో ఇంకో రెండు కోట్ల పైచిలుకు భూమిదీ కాదు, గోడలదీ కాదు.

ఆ రెండు కోట్లలో గేటు విలువ ఉంది, కాదనను. సీసీ రోడ్లు, కాపలా, క్లబ్‌హౌస్, పిల్లలు సైకిల్ తొక్కుకునే చోటు, చుట్టుపక్కల ఎవరుంటారన్నది. నా అనుభవంలో బాగా నడుస్తున్న కమ్యూనిటీకి భూమీ కట్టడం విలువ మీద 20 నుంచి 25 శాతం ఎక్కువ పెట్టడానికి కొనేవాళ్లు వెనకాడరు. అంటే మీ కేసులో 90 లక్షల నుంచి 1.1 కోట్లు. ఇక 80 లక్షల ఇంటీరియర్స్‌కి నేను నాలుగో వంతు ఇస్తాను, 20 లక్షలు. అన్నీ కలిపి చూడండి, 5.5 నుంచి 5.75 మధ్య తేలుతుంది.

ఇంటీరియర్స్‌కి అంత తక్కువా అని అమ్మేవాళ్లు నొచ్చుకుంటారు. కానీ ఇదెప్పుడూ ఇంతే. ఒక కమ్యూనిటీలో ఒకే వీధిలో రెండు విల్లాలు దాదాపు ఒకేసారి అమ్మకానికి వచ్చాయి. ఒకదానిలో ఇటాలియన్ మార్బుల్, పైన హోమ్ థియేటర్, గోడలన్నీ ముదురు రంగు వెనీర్, హాల్లో సీలింగ్ నిండా చెక్కపని. రెండోదానిలో బిల్డర్ ఇచ్చిన విట్రిఫైడ్ టైల్సే, కిచెన్‌లో కప్‌బోర్డులు మాత్రం కొత్తగా చేయించారు. ముందు అమ్ముడైంది రెండోదే. మొదటిదాన్ని చూసిన ఒక జంట గోడల వైపు చూస్తూ "ఇదంతా పీకించడానికి ఎంతవుతుందండీ" అని నన్నే అడిగారు. ఓనరు పక్కనే ఉన్నాడు పాపం. ఐదారు కోట్లు పెట్టేవాడు తన అభిరుచికి తగ్గట్టు చేయించుకోవాలనుకుంటాడు, అవతలివాడి అభిరుచికి డబ్బు కట్టడు.

ఇప్పుడు గేటు ప్రీమియం గురించి. భూమి ధర ఎలాగోలా నిలబడుతుంది. గేటు ప్రీమియం మాత్రం కమ్యూనిటీ నిర్వహణ బాగున్నన్నాళ్లే ఉంటుంది. అందుకే నేను ఇల్లు చూసే ముందు అసోసియేషన్ చూస్తాను. బిల్డర్ కార్పస్ ఫండ్ (నిర్వహణ కోసం ఓనర్ల దగ్గర ముందే తీసుకున్న నిధి) అసోసియేషన్‌కి అప్పజెప్పాడా, లేక ఇంకా ఉత్తరాలు, కేసులు నడుస్తున్నాయా? మెయింటెనెన్స్ బకాయిలు ఎన్ని ఇళ్లకి ఉన్నాయి? జలమండలి కనెక్షన్ ఉందా, బోర్ల మీదే నెట్టుకొస్తున్నారా, ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయి? ఇవన్నీ సెక్రటరీని అడిగితే చెప్తారు. చెప్పడానికి నసిగితే అదీ ఒక జవాబే.

ఇంకో మాట, మీ తరఫున ఎవరైనా వెళ్లి చూస్తే ఆదివారం పొద్దున పంపకండి. అప్పుడు ఏ కమ్యూనిటీ అయినా ముద్దొస్తుంది. మామూలు రోజు సాయంత్రం ఏడింటికి పంపండి. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పక్క వీధిలో ఐదు నిమిషాలు నిలబడమనండి. క్లబ్‌హౌస్‌లో జిమ్ చూడమనండి. ట్రెడ్‌మిల్ మీద "పనిచేయడం లేదు" అని అంటించిన కాగితం పసుపురంగుకి తిరిగి ఉంటే, స్విమ్మింగ్ పూల్లో రాలిన టైల్స్ రాలినట్టే ఉంటే, డబ్బు లేదనో, ఉన్నా కమిటీలో గొడవలనో అర్థం. అలాంటి చోట నేను ప్రీమియం 20 నుంచి 10కి దించేస్తాను.

మీరు విన్న ధరలన్నీ అడుగుతున్న ధరలు. వెబ్‌సైట్లలో కనిపించేవీ, బ్రోకర్ చెప్పేవీ, ఆ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో తిరిగేవీ అన్నీ అవే. ఎంతకి తెగిందన్నది వేరే చోట దొరుకుతుంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఆ సర్వే నంబర్ మీద, చుట్టుపక్కల విల్లా నంబర్ల మీద ఈసీలు (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాలు) తియ్యండి. ప్రతి సేల్ డీడ్ ఎదురుగా మార్కెట్ విలువ (ప్రభుత్వం కట్టింది), కన్సిడరేషన్ విలువ (డీడ్‌లో రాసిన అమ్మకం ధర) అని రెండు అంకెలుంటాయి. మీకు కావలసింది రెండోది. "అదంతా తక్కువ చూపిస్తారు కదా" అంటారు, నిజమే. అందుకే సేల్ డీడ్ వెంటనే బ్యాంకు తనఖా ఎంట్రీ, అంటే డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్, ఉన్న లావాదేవీలు ఏరుకోండి. లోన్ మీద కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ విలువ మరీ తక్కువ చూపించలేరు. ఆ ఎంట్రీలో లోన్ మొత్తం కూడా ఉంటుంది. 75 లక్షలు దాటిన హౌసింగ్ లోన్‌కి ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. కాబట్టి 3.6 కోట్ల లోన్ కనిపిస్తే ఆ బ్యాంకు ఆ ఇంటికి కనీసం 4.8 కోట్ల విలువ కట్టిందన్నమాట. మూడు నాలుగు ఇళ్లకి ఇలా చూస్తే ఆ గేటు లోపల నిజంగా ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. బ్రోకర్లు ఈ పని చెయ్యరు, మీకు చేసిపెట్టమన్నా చెయ్యరు.

అమ్మేవాళ్లు మీకు కోకాపేట వేలం సంగతి తప్పకుండా చెప్పే ఉంటారు. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం 100.75 కోట్లకి పోయింది. ఎకరానికి 4,840 గజాలు, గజం రెండు లక్షల పైమాటే. ఆ అంకె పేపర్లో పడ్డాక చుట్టుపక్కల ప్రతి విల్లా ఓనరూ తన గజాన్ని దానితో గుణించుకున్నాడు. కానీ అది టవర్లు లేపే భూమి. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితి (స్థలాన్ని బట్టి ఎంత విస్తీర్ణం కట్టచ్చన్న హద్దు) ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే ఖాళీ) ఉంటే నలభై, యాభై అంతస్తులు వేసుకోవచ్చు. మీ 300 గజాల్లో రేపు మీరు వేసుకోగలిగేది ఇప్పుడున్న ఇల్లే. ఆ ధర దీనికి అతకదు. పైపెచ్చు ఆ పరిమితి లేకపోవడం పుణ్యమా అని రేపు మీ కాంపౌండ్ పక్క ఖాళీ స్థలంలో టవర్ లేచి, నలభై అంతస్తుల బాల్కనీలు మీ పెరట్లోకి చూడచ్చు. అలాంటి చివరి వరసల విల్లాలకి ధర తగ్గడం నేను చూశాను. కాబట్టి మీ విల్లా వెనక ఎవరి భూమి ఉందో, ఎంత ఉందో కనుక్కోండి.

ఇక ఫ్లాట్ సంగతి. పదెకరాల్లో 1,200 ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాట్‌కి భూమిలో సగటున 40 గజాల అవిభాజ్య వాటా (విడదీయకుండా అందరికీ ఉమ్మడిగా ఉండేది) వస్తుంది. పాతకాలపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో ఎకరానికి అరవై ఫ్లాట్లుంటే 80 గజాలు వచ్చేది. బిల్డింగుకి ఆయుష్షున్నన్నాళ్లు పర్లేదు, ఆ తర్వాత మీ చేతిలో మిగిలేది ఆ గజాలే. కానీ ఏడేళ్ల లెక్కలో నన్ను ఎక్కువ భయపెట్టేది వాటా కాదు, పోటీ. మీరు అమ్మాలనుకున్న రోజున అదే ప్లాన్, అదే సైజు ఫ్లాట్లు ఆ టవర్లోనే ఓ ఇరవై అమ్మకానికి ఉంటాయి. బిల్డర్ పక్క ఫేజ్ అమ్ముతుంటాడు, వాడు మోడ్యులర్ కిచెన్ ఉచితం అంటాడు, మీరు అనలేరు. విల్లాకి కొనేవాళ్లు తక్కువ, నిజమే, నెలల తరబడి ఆగాల్సి రావచ్చు, కానీ ఎదురుపోటీ కూడా తక్కువ. ఫ్లాటే కావాలనుకుంటే ఓసీ (నివాసానికి సిద్ధమన్న సర్టిఫికెట్) వచ్చేసిన టవర్లో, ప్రీలాంచ్‌లో (అనుమతులు రాకముందే) కొని ఇప్పుడు చివరి వాయిదాలకి ఇబ్బంది పడుతున్న ఇన్వెస్టర్ దగ్గర కొనండి. నిర్మాణంలో ఉన్నదానికి పడే 5 శాతం జీఎస్టీ దానికి ఉండదు, బేరం కూడా కుదురుతుంది.

వెస్ట్ ఫేసింగ్ అన్నారు. మీకు పట్టింపు లేకపోవచ్చు, కొనేవాడికి ఉంటుంది. తూర్పు, ఉత్తరం ఇళ్లకి ఎక్కువ ఇచ్చేవాళ్లున్నారు, పడమర ఇల్లు అమ్మడానికి మరీ కష్టం కాదు, దక్షిణం మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. వీధిపోటు ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. నాకు వాస్తు మీద నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం, నేను రాసేది మార్కెట్ విలువ. మీ విల్లాకి ఎదురుగా రోడ్డు వచ్చి ముగుస్తోందేమో లేఅవుట్ చూడండి.

చెరువు సంగతి కూడా. ఒకప్పుడు లేక్ వ్యూ అని ఎక్కువ తీసుకునేవాళ్లు. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చి కూల్చివేతలు మొదలైన దగ్గర్నుంచి కొనేవాళ్లు ముందు అడిగేది ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎంత దూరం అనే. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. హెచ్ఎండీఏ చెరువుల సైట్లో పటాలు, సర్వే నంబర్లు ఉన్నాయి. మీ విల్లా దూరంగా ఉన్నా, ఆ లేఅవుట్ మూల ఒకటి బఫర్‌లోకి వెళ్తే చాలు, కమ్యూనిటీ మొత్తానికి పేరు చెడుతుంది, అమ్మకాలు నిలిచిపోతాయి.

కాగితాల్లో విల్లాలకి ప్రత్యేకంగా చూడాల్సినవి రెండు. ఒకటి, సేల్ డీడ్‌లో 300 గజాలు హద్దులతో మీ ప్లాట్‌గా రాసి ఉందా, లేక కొంత ప్లాట్, మిగతాది రోడ్లూ పార్కుల్లో అవిభాజ్య వాటా కలిపి 300 అన్నారా. కొన్నిచోట్ల చేతికొచ్చే ప్లాట్ 240 గజాలే ఉంటుంది. అప్పుడు పైన వేసిన భూమి లెక్క మొత్తం మారుతుంది, నా 5.75 కూడా చెల్లదు. రెండు, శాంక్షన్డ్ ప్లాన్‌కి ఇల్లు సరిపోతుందా. టెర్రస్ మీద గది, కప్పేసిన సిటౌట్, సెట్‌బ్యాక్‌లో వేసిన స్టోర్ రూమ్, ఇవి విల్లాల్లో సర్వసాధారణం. అమ్మేవాళ్లు 4,200 ఎస్ఎఫ్‌టీ అన్నది వాటన్నింటినీ కలుపుకునే కావచ్చు. మేం రిపోర్టులో డీవియేషన్ అని రాస్తాం, అనుమతి లేని విస్తీర్ణానికి బ్యాంకు లోన్ ఇవ్వదు. రేపు మీ దగ్గర కొనేవాడు లోన్ మీదే కొంటాడు కదా.

తిరిగి అమ్మడం మీద మీరడిగిన అంకెల్లోకి వస్తాను. 6.5కే కొని పూర్తి విలువకి రిజిస్టర్ చేయించారనుకోండి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 48.75 లక్షలు. బ్రోకరేజీ ఒక శాతం. తాళంచెవి చేతికొచ్చేసరికే 7.05 కోట్లయింది. ఏడేళ్లకి 8.5కి అమ్మితే "రెండు కోట్ల లాభం" అని చుట్టాల్లో చెప్పుకుంటాం. అమ్మినప్పటి బ్రోకరేజీ తీసేస్తే ఏడాదికి రెండున్నర శాతం పడింది, అదీ క్యాపిటల్ గెయిన్స్ పన్నుకి ముందు. అదే 5.75కి కొని ఉంటే నాలుగున్నర శాతం దగ్గరికి వస్తుంది. మీ లాభం కొన్న రోజునే సగం తేలిపోతుంది.

ఎన్ఆర్ఐగా అమ్మేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది, చాలామందికి అగ్రిమెంట్ రోజు దాకా తెలియదు. ఇక్కడి రెసిడెంట్ అమ్మితే కొనేవాడు 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటాడు. ఎన్ఆర్ఐ అమ్మితే ఇప్పటి రేట్ల ప్రకారం 12.5 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు. 8.5 కోట్ల అమ్మకం మీద దాదాపు 15 శాతం, అంటే 1.27 కోట్లు. మీ లాభం మీద కాదు, మొత్తం అమ్మకం ధర మీద. రిటర్న్ వేశాక ఎక్కువైంది వెనక్కి వస్తుంది గానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. అమ్మకానికి పెట్టకముందే మీ సీఏతో ఆ పని మొదలుపెట్టించండి, కొనేవాడు దొరికాక మొదలుపెడితే వాడు ఆగడు. ఇదే విషయం ఇప్పుడూ చూసుకోవాలి: మీకు అమ్ముతున్నవాళ్లు కూడా ఎన్ఆర్ఐలైతే ఆ టీడీఎస్ కట్టాల్సిన బాధ్యత మీది.

"కొంత క్యాష్ ఇస్తే 20 లక్షలు తగ్గిస్తాం" అంటారు. ఒప్పుకోకండి. చట్టం సంగతి అలా ఉంచితే, రేపు అమ్మినప్పుడు మీ కొన్న ధర డీడ్‌లో రాసిందే, మిగతాదంతా మీ లాభం కింద పన్ను పడుతుంది. డాలర్లు పంపించి కొంటున్నవాళ్లకి ఆ అవసరమే లేదు.

నాన్నగారి పేరు మీద కొనడం అన్నారు కదా. టీడీఎస్ గొడవ తప్పుతుందని చాలామంది ఈ ఆలోచన చేస్తారు. బినామీ చట్టంలో భార్య లేదా భర్త పేరు మీద, పిల్లల పేరు మీద కొనడానికి మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల విషయంలో పత్రంలో మీ పేరు కూడా జాయింట్ ఓనర్‌గా ఉండాలి. మీ డబ్బుతో ఆయన ఒక్కరి పేరు మీద పెట్టడం ఆ మినహాయింపులోకి రాదు. ఆయనకి డబ్బు గిఫ్ట్‌గా ఇచ్చి ఆయన కొంటే చెల్లుతుంది గానీ అప్పుడు ఇల్లు ఆయనదే. వీలునామా లేకపోతే రేపు అమ్మగారికీ, మీ తోబుట్టువులుంటే వాళ్లకీ మీతో సమానంగా వాటా వస్తుంది. అది మీ ఇంట్లో అందరికీ సమ్మతమైతే సరే. కాకపోతే ఇల్లు మీ పేరు మీదే తీసుకుని, ఈ ఒక్క కొనుగోలుకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ నాన్నగారికి ఇవ్వండి. అది కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాక, ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. టోకెన్ అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ కాగితం బయల్దేరేలా చూసుకోండి, టోకెన్ రసీదులో మాత్రం "లీగల్ ఒపీనియన్ అనుకూలంగా రాకపోతే పూర్తిగా వాపసు" అన్న వాక్యం తప్పకుండా రాయించండి.